గోడ లేపేముందు పొరుగువారిని అడగాలా?

ఒక దృశ్యం ఊహించండి. వీధిలో ఓ పాత పెంకుటిల్లు కూల్చేశారు. ఏడాది తిరిగేసరికి ఆ స్థలంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. పక్కింట్లో ఉంటున్న ముసలావిడ పెరట్లోకి ఇప్పుడు ఎండ రాదు. కొత్త బాల్కనీలో నిలబడితే ఆమె వంటగది, స్నానాల గది వాకిలి స్పష్టంగా కనిపిస్తాయి. ఇంట్లోని ఆడపిల్లలు పెరట్లోకి రావడమే మానుకున్నారు. కట్టినవారి దగ్గర అనుమతి పత్రాలన్నీ ఉన్నాయి. ఆమె పోట్లాడలేదు, కోర్టుకూ వెళ్లలేదు. ఆ ఇంటి యజమాని ఎదురుపడినప్పుడు మాత్రం ఒక్క మాట అంది: "కట్టుకోవద్దని నేననేదాన్ని కాదు బేటా. ఒక్కసారి అడిగుంటే, ఆ కిటికీలు ఇంకోవైపు పెట్టుకోమని చెప్పేదాన్ని."

ఇలాంటి దృశ్యం నేడు మన పట్టణాల్లో కొత్తేమీ కాదు. అయితే ఆ ముసలావిడ మాటలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. ఒక ప్రాంతంలో కొత్త కట్టడాలు ఎలా ఉండాలి, ఎంత ఎత్తుండాలి, వీధి ఎంత వెడల్పుండాలి, కిటికీ ఎటు తెరుచుకోవాలి అనే నియమాలను ఎవరు నిర్ణయించాలి? భూమి యజమానా? ఆఫీసులో కూర్చున్న ఇంజనీరా? లేక ఆ వీధిలో పుట్టి, పెరిగి, రేపు అక్కడే కన్నుమూయబోయే మనుషులా?

"ఇది మున్సిపాలిటీ వ్యవహారం, దీనికీ దీన్‌కూ ఏమిటి సంబంధం?" అని కొందరు సోదరులు అనవచ్చు. నమాజు, రోజాల మాదిరిగానే పొరుగువారి హక్కు గురించి కూడా రేపు అల్లాహ్ సన్నిధిలో లెక్క చెప్పుకోవలసి ఉంటుందని నమ్మేవారికి ఈ సంబంధం విడమరచి చెప్పనక్కరలేదు. పైగా, ఇస్లామీయ చరిత్రలో తొలి నగరాలు వెలసిన నాడే ఈ ప్రశ్న ముందుకు వచ్చింది. దానికి పెద్దలు చెప్పిన సమాధానాలు కూడా మన ముందున్నాయి.

నా స్థలం నా ఇష్టమా?

"నా డబ్బుతో కొన్న స్థలం. ఎలా కట్టుకుంటే ఎవరికేం?" అనే మాట మనం తరచూ వింటుంటాం. సహీహ్ బుఖారీలో హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ ఉపమానాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఓడలో కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. కిందివారు నీళ్ల కోసం మాటిమాటికీ పైకి వెళ్లాల్సి వస్తోంది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మా భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందాం అని వారనుకున్నారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు. రంధ్రం చేసేది కూడా తమ భాగంలోనే. కాని పైవారు వారి చెయ్యి పట్టుకుని ఆపకపోతే అందరూ మునుగుతారు. ఆపితే అందరూ బతుకుతారు.

వీధి కూడా అలాంటి ఓడే. ఒకరు తన సెల్లార్ కోసం లోతుగా తవ్వితే పక్కింటి పునాది కదులుతుంది. ఒకరు మెట్లను రోడ్డు మీదికి దింపితే అంబులెన్సు ఆగిపోతుంది. ఒకరు వాన నీటి దారిని మూసేస్తే పది ఇళ్లలోకి నీరొస్తుంది. స్థలం ఒకరిదే అయినా దాని పర్యవసానం అందరిదీ. అందుకే, ఎవరూ ఇతరులకు హాని కలిగించరాదని, హానికి ప్రతిగా హాని చేయరాదని దైవప్రవక్త (స) నేర్పిన సూత్రాన్ని ధర్మవేత్తలు ఇళ్లూ వీధుల తగాదాలన్నింటికీ పునాదిగా తీసుకున్నారు. దారి వెడల్పు గురించి వివాదం వస్తే ఏడు మూరలు వదలాలని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. పొరుగువాడు తన దూలాన్ని మన గోడకు ఆనించుకోదలిస్తే అడ్డుపడవద్దని కూడా ఉంది. అంటే హక్కు ఒకవైపే లేదు. పొరుగువాడికి హాని చేయకూడదు, అదే సమయంలో అతని అవసరానికి చోటివ్వాలి.

కూఫా వీధులు చెప్పే పాఠం

హిజ్రీ 17 (క్రీ.శ. 638) ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) నాయకత్వాన ఇరాక్‌లో కూఫా నగరం వెలసింది. చరిత్రకారుడు తబరీ రాసిన వివరాల ప్రకారం ప్రధాన వీధులు నలభై మూరలు, వాటి తర్వాతివి ముప్పై, మధ్యవి ఇరవై, సందులు ఏడు మూరలు ఉండాలని నిర్ణయించారు. అందరికీ సంబంధించిన పెద్ద దారుల కొలత ఇలా పైనుంచి వచ్చింది. ఆ దారుల మధ్య ఒక్కో తెగకు ఒక్కో భాగం కేటాయించారు. ఆ భాగం లోపల ఇళ్లెలా ఉండాలో ఆ తెగవారే తేల్చుకున్నారు.

మొదట్లో ఆ ఇళ్లు రెల్లుతో కట్టినవి. అగ్నిప్రమాదంలో అవి కాలిపోయాక ప్రజలు ఇటుకతో కట్టుకోవడానికి అనుమతి కోరారు. ఖలీఫా సమ్మతించారు. అయితే ఎవరూ మూడు గదులకు మించి కట్టరాదని, ఎత్తులో పోటీ పడరాదని షరతు పెట్టారు. గమనించండి. అవసరాన్ని అనుభవించినవారు అడిగారు, పాలకుడు విన్నాడు, వినడంతో పాటు అందరి మేలు కోసం ఒక హద్దు గీశాడు. నేటి భాషలో దీన్నే నిర్మాణ నియమావళి అంటారు.

ఈజిప్టులోని ఫుస్తాత్ నగరంలో జరిగిన సంగతి మన పెంకుటింటి ముసలావిడకు మరీ దగ్గరగా ఉంటుంది. అక్కడ ఖారిజా బిన్ హుజాఫా (రజి) తన ఇంటిపై మేడగది కట్టారు. దాంట్లోంచి పొరుగిళ్లు కనిపిస్తాయన్న మాట మదీనాకు చేరింది. హజ్రత్ ఉమర్ (రజి) గవర్నరు అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు ఉత్తరం రాశారు. ఆ గదిలో ఒక మంచం వేసి, దాని మీద పొడుగూ పొట్టీ కాని మనిషిని నిలబెట్టి చూడమన్నారు. కిటికీలోంచి పొరుగిళ్లు కనబడితే దాన్ని పడగొట్టమన్నారు. కనబడకపోతే ఆ గది జోలికి పోనవసరం లేదు. ఇందులో ఎంత న్యాయముందో చూడండి! మేడ కట్టడమే తప్పని అనలేదు. ఫిర్యాదు వచ్చింది కదా అని వెంటనే కూల్చమనీ అనలేదు. హాని నిజమా కాదా అని తేల్చే ఒక కొలతను ముందు పెట్టారు.

ఈ సంప్రదాయం అక్కడితో ఆగలేదు. 14వ శతాబ్దంలో ట్యునీస్ నగరానికి చెందిన ఇబ్నుర్రామీ అనే తాపీపని నిపుణుడు గోడలు, కిటికీలు, సందులు, మురుగుకాలువల తగాదాలపై ఒక గ్రంథమే రాశాడు. 1869–1876 మధ్య ఉస్మానియా రాజ్యంలో కూర్చిన 'మజల్లా' అనే న్యాయ సంహిత ప్రకారం, కొందరికి మాత్రమే చెందిన సందు వారి ఉమ్మడి ఆస్తి లాంటిది. మిగతావారి అనుమతి లేకుండా అందులో ఏ ఒక్కరూ కొత్తగా ఏదీ చేయరాదు. అంటే సందులో నివసించేవారి సమ్మతి మర్యాద కోసం అడిగేది కాదు, అది వారి హక్కు.

అడగడమంటే ఏమిటి?

దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాకు 'షూరా' అనే పేరుంది. అందులో 38వ ఆయతు, విశ్వాసుల గుణాలను చెబుతూ, వారు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకుంటారని తెలిపింది. ఈ గుణం నమాజుకూ దానధర్మాలకూ నడుమ చోటు చేసుకోవడం గమనార్హం.

బద్ర్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (స) ఒకచోట విడిది చేయించారు. అప్పుడు హజ్రత్ హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) వినయంగా ఒక ప్రశ్న వేశారు: ఈ చోటు అల్లాహ్ ఆదేశమా, లేక యుద్ధ వ్యూహంలో భాగంగా తీసుకున్న నిర్ణయమా? ఆదేశం కాదని తెలిశాక, శత్రువుకు దగ్గరగా ఉన్న బావి వద్దకు కదలడం మేలని సూచించారు. దైవప్రవక్త (స) ఆ సలహా స్వీకరించి విడిదిని మార్చారు. నేల, నీరు తెలిసినవాడి మాటకున్న విలువ అది. అల్లాహ్ ప్రవక్త అంతటివారే సామాన్య సహచరుడి సలహాతో తమ నిర్ణయాన్ని మార్చుకున్నారంటే, నగర ప్రణాళిక గీసే అధికారికీ, భవనం కట్టే బిల్డరుకీ మార్చుకోకూడనిది ఏముంటుంది?

అడగడానికి అసలైన గీటురాయి ఇదే. అడిగిన తర్వాత మనసు మార్చుకునే వీలుండాలి. అంతా నిర్ణయించేసి, నక్షా అచ్చు వేయించి, ఆ తర్వాత "మీ అభ్యంతరాలేమైనా ఉంటే చెప్పండి" అనడం షూరా కాదు, లాంఛనం. మన తెలంగాణలోనే 2023 జనవరిలో కామారెడ్డిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పట్టణ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాల సంగతి చూసుకున్న రైతులు వీధికెక్కారు. ఆందోళన తీవ్రమయ్యాక పురపాలక సంఘం ఆ ముసాయిదాను వద్దంటూ తీర్మానం చేసింది. ప్రణాళిక అవసరమే కావచ్చు. కాని గీత గీయకముందే ఆ నేల దున్నేవారితో కూర్చుని మాట్లాడి ఉంటే అంత ఆవేదన ఎందుకు పుడుతుంది?

కూఫాలోనే జరిగిన మరో సంగతి ఉంది. గవర్నరు సఅద్ (రజి) నివాసానికి తలుపు పెట్టించారని, దానివల్ల ప్రజలకూ పాలకుడికీ మధ్య అడ్డు ఏర్పడిందని హజ్రత్ ఉమర్ (రజి)కి తెలిసింది. ఆయన ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ని పంపి ఆ తలుపును కాల్పించారు. తన గురించి ప్రచారమైన మాట నిజం కాదని సఅద్ (రజి) వివరణ ఇస్తే ఖలీఫా దాన్ని అంగీకరించారు కూడా. కాని తలుపు మాత్రం ఉండనివ్వలేదు. ఈనాటి తలుపులు కొయ్యవి కావు. జనానికి అర్థంకాని ఇంగ్లీషులో ఉన్న నోటీసు ఒక తలుపు. కూలిపని మానుకుని రాలేని వేళ పెట్టిన సమావేశం మరో తలుపు. ఎవరూ చూడని చోట అంటించిన నక్షా ఇంకో తలుపు.

ఇంగ్లండు దేశం ఈ తలుపులు కొంతైనా తెరవాలని ప్రయత్నించింది. 2011లో చేసిన స్థానికతా చట్టం, ఒక పేటవారే తమ పేటకు అభివృద్ధి ప్రణాళిక రాసుకునే వీలు కల్పించింది. ఓటింగులో సగానికి మించి సమ్మతిస్తేనే అది అమల్లోకి వస్తుంది. వీధుల తీరు, భవనాల ఎత్తు, చెట్లు, ఖాళీ స్థలాల గురించిన నియమాలను అక్కడ 'డిజైన్ కోడ్' అంటారు. 2021లో ప్రభుత్వం విడుదల చేసిన నమూనా కోడ్, వాటిని తయారు చేసే ప్రతి దశలోనూ స్థానికులను కలుపుకోవాలని సూచించింది. మన దేశంలోనూ దారి లేకపోలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. మన వార్డు కమిటీలో ఎవరున్నారో మనలో ఎందరికి తెలుసు?

సలహా చెప్పడం కూడా అమానతే

ఇంతవరకు అడగవలసినవారి బాధ్యత గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మన వైపు చూసుకుందాం. ఎందుకంటే, అడిగినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. సలహా అడగబడినవాడు అమానత్‌దారు అని హదీసు బోధిస్తుంది. తన చేతికి అప్పగించిన ఆ అమానత్‌ను అతడు స్వార్థానికి వాడుకుంటే అది ద్రోహమే.

నివాసులను అడిగితే ఏమంటారు? నిజమే మాట్లాడుకుందాం. "మా వీధిలో అపార్ట్‌మెంట్లు వద్దు", "చిన్న ఇళ్లు కడితే ఎవరెవరో వస్తారు", "అద్దెకుండేవాళ్లు ఎక్కువైతే మా పేట పరువు పోతుంది" అని కూడా అంటారు. వీధి అందం, గాలి, వెలుతురు అనే మంచి మాటల చాటున కొన్నిసార్లు మనుషుల్ని రానివ్వకూడదన్న కోరిక దాగి ఉంటుంది. అద్దె ఇల్లు అడగడానికి వెళ్లి, పేరు చెప్పగానే "ఇల్లు ఖాళీ లేదు" అన్న జవాబు విన్నవారు మనలో ఉన్నారు. ఆ బాధ తెలిసిన మనం, మనకు మాట చెలామణి అయ్యే వీధిలో అదే పని వేరే పేదవాడికి చేస్తే అల్లాహ్ ముందు ఏ ముఖంతో నిలబడతాం?

మదీనా వాసులను చూడండి. మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లకు అన్సార్లు తమ ఇళ్లలో, తోటల్లో చోటిచ్చారు. దివ్యఖుర్ఆన్ 59వ సూరాలోని 9వ ఆయతు, వలస వచ్చినవారిని ప్రేమించే వారి ఆ గుణాన్ని మెచ్చుకుంది. ముందునుంచీ ఉన్నవారికి మాట్లాడే హక్కుంది. కాని ఇంకా రానివారి తరఫున మాట్లాడేవారు ఆ సమావేశంలో ఎవరూ ఉండరు. వారి తరఫున కూడా మనమే మాట్లాడాలి. రేపు పెళ్లయి వేరుకాపురం పెట్టే మన పిల్లలే ఆ రాబోయేవారు కావచ్చు.

మరి న్యాయమైన అభ్యంతరాన్నీ స్వార్థాన్నీ వేరు చేసేదెలా? మజల్లా ఇక్కడ ఒక మంచి గీత గీసింది. పొరుగు కట్టడం వల్ల మన ఇంటికి దూరపు దృశ్యం కనబడకపోవడం, కొంత గాలి, ఎండ తగ్గడం తీవ్రహాని కాదంది. వెలుతురు పూర్తిగా మూసుకుపోతే మాత్రం అది తీవ్రహాని అంది. ఇంటి స్త్రీలు తిరిగేచోటు కనబడేలా ఉండటాన్నీ తీవ్రహానిగానే లెక్కించింది. అంటే 'నాకు నచ్చదు' అనే మాటా, 'నాకు హాని' అనే మాటా ఒకటి కాదు. మొదటిది చెప్పుకోవచ్చు, రెండోదాన్ని ఆపవచ్చు. ఫుస్తాత్‌లో మంచం వేసి చూడమన్నదీ ఇందుకే. మన ముసలావిడ సంగతి ఈ గీటు మీద పెట్టి చూడండి. ఎండ తగ్గడాన్ని ఆమె ఓర్చుకోవలసి రావచ్చు. బాల్కనీ చూపు మాత్రం ఆమె ఓర్చుకోనక్కరలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే కట్టొద్దనలేదు, కిటికీ మార్చమనేదాన్ని అంది.

ఇంకో మాట. నివాసులంటే ఇంటి యజమానులైన మగవారు మాత్రమే కాదు. ఏ మలుపులో వీధిదీపం లేదో ఆడవారికి తెలుసు. ఏ మెట్టు ఎత్తుగా ఉందో వృద్ధులకు తెలుసు. మంచినీళ్లు ఏ వేళ ఆగిపోతాయో అద్దెకున్నవారికి తెలుసు. హుదైబియా ఒప్పందం వేళ సహచరులు దుఃఖంలో కదలకుండా కూర్చున్నప్పుడు దైవప్రవక్త (స) పాటించింది హజ్రత్ ఉమ్మె సల్మా (రజి) సలహానే. మరి మన పేట సమావేశాల్లో స్త్రీల మాట ఎంత వినిపిస్తోంది?

మన ఇంటి నుంచి, మన మసీదు నుంచి

కనుక ఈ పని మున్సిపల్ ఆఫీసులో కాదు, మన గడపలో మొదలవుతుంది. ఇల్లు కట్టదలచుకుంటే అనుమతికి దరఖాస్తు చేయకముందే నక్షా పట్టుకుని రెండువైపులా ఉన్న పొరుగువారి దగ్గరకు వెళ్లండి. వారు ముస్లిములైనా కాకపోయినా పొరుగు హక్కులో తేడా లేదు. "మా కిటికీలు ఇటు వస్తున్నాయి, మీకేమైనా ఇబ్బందా?" అని అడగండి. కాగితం మీద గీత మార్చడానికి పైసా ఖర్చుండదు. గోడ లేచాక మార్చాలంటే లక్షలు పోతాయి, మనసులూ విరుగుతాయి.

తెలంగాణలో 2020లో వచ్చిన చట్టం చిన్న ఇళ్లకు స్వయం ధ్రువీకరణ పద్ధతిని తెచ్చింది. నియమాల ప్రకారమే కడతానని యజమాని తానే రాసిస్తాడు. ఇది సౌకర్యమే. అయితే ఆ సంతకం ఒక సాక్ష్యమని మరచిపోరాదు. చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలాన్ని వదలకుండానే వదిలానని రాయడం అబద్ధపు సాక్ష్యం కిందికే వస్తుంది. అధికారి తనిఖీకి రాకపోవచ్చు. కిరామన్ కాతిబీన్ దూతలు మాత్రం రాస్తూనే ఉంటారు.

మసీదు కమిటీల పెద్దలకు కూడా ఒక విన్నపం. మసీదు విస్తరించేటప్పుడు చుట్టుపక్కలవారిని అడుగుతున్నామా? జుమా రోజు వాహనాలు ఎవరి గేటు ముందు ఆగుతున్నాయో చూస్తున్నామా? హజ్రత్ ఉమర్ (రజి) మస్జిదె నబవీని విస్తరించాలనుకున్నప్పుడు హజ్రత్ అబ్బాస్ (రజి) ఇల్లు అడ్డొచ్చింది. ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. తగవు హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) ముందుకు వెళ్లింది. తీర్పు ఖలీఫాకు వ్యతిరేకంగా వచ్చింది, ఖలీఫా తలవంచారు. ఆ తర్వాత అబ్బాస్ (రజి) తన ఇల్లు తానే సంతోషంగా మసీదుకు ఇచ్చేశారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. బలవంతం చేస్తే రానిది, అడిగి ఆగితే వచ్చింది. అల్లాహ్ ఇంటి కోసమే ఒకరి ఇల్లు అతని సమ్మతి లేకుండా తీసుకోనప్పుడు, మన ఇంటి కోసం పొరుగువాడి వెలుతురును అడగకుండా తీసుకోవడం ఎలా తగుతుంది?

సోదర సోదరీమణులారా! ముసాయిదా ప్రణాళిక వెలువడితే గడువులోగా చదవండి. చదవడం రాని పొరుగువారికి చదివి వినిపించండి. హాని ఉంటే రాతపూర్వకంగా, మర్యాదగా చెప్పండి. హాని లేకపోతే కొత్తగా వచ్చేవారికి దారివ్వండి. మనల్ని అడగలేదని బాధపడే ముందు, మనం ఎవరిని అడగకుండా గోడ లేపామో ఒకసారి ఆలోచించుకోండి.

పొరుగువారి హక్కును గుర్తించే మనసునూ, అడిగే వినయాన్నీ, అడిగినప్పుడు న్యాయంగా చెప్పే నిజాయితీనీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.